నశించినది ఏది?

ఒక వస్తువు ఒక్క కణమైనను తరుగక ఉన్నచోటనే ఉండగా, దానిని చేరు మార్గము మాత్రము తెగిపోయినప్పుడు, ఆ వస్తువు నశించినదని చెప్పవలెనా, ఉన్నదని చెప్పవలెనా అను ప్రశ్న మన తార్కికులకు క్రొత్తది కాదు. వారు ఘటపటముల నుదాహరించి దానిని తరతరములుగా విచారించిరి. మన కాలమున అది కంప్యూటరు డిస్కులోనికి ప్రవేశించి, మునుపెన్నడును లేనంత నిశితమైన రూపమును దాల్చినది. గూఢపరచిన డిస్కునకు ముఖభాగమైన హెడరు చెడిపోయినవేళ, టెర్మినలు తెరయెదుట కూర్చుండి, ఒక్కొక్క కమాండును ఒకటికి రెండుమార్లు సరిచూచుకొని టైపు చేయు మనుష్యుని మనస్సులో మెదలు సందేహము ఇదియే: నావి పోయినవా, ఉన్నవా? అతడు దానిని సాంకేతికమైన సందేహమని తలచును. అది తత్త్వవిచారమునకు చెందినదనియు, దానికి సరియైన సమాధానము తెలిసినవాడే ఆ మరమ్మతును నిబ్బరముగా చేయగలడనియు నా నమ్మకము.

విచారమునకు ముందు వస్తుస్వరూపము తెలియవలెను. లైనక్స్ యంత్రములలో డిస్కును గూఢపరచుటకు నేడు విశేషముగా వాడుకలోనున్న పద్ధతి లక్స్. దీనిని రూపొందించిన క్లెమెన్స్ ఫ్రూవిర్త్, దాని ఆంతర్యమును 2005లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసమున వివరించెను. దీనిని వాడువారిలో పలువురు తమ పాస్‌వర్డే డిస్కునకు తాళపుచెవి యని భావింతురు. అట్లు కాదు. డిస్కులోని సమస్తమును గూఢపరచునది మాస్టర్ కీ అను ఒక సంఖ్య. డిస్కును మొదట సిద్ధపరచిననాడు అది యాదృచ్ఛికముగా పుట్టినది. దానిని ఏ మనుష్యుడును ఎన్నుకొనలేదు, సామాన్యముగా ఎవ్వడును చూడడు. ఆ సంఖ్య మన పాస్‌వర్డునుండి దీర్ఘమైన గణనచేత పుట్టించిన వేరొక కీతో మరల గూఢపరచబడి, హెడరులోని కీ స్లాటు అను స్థానమున దాచబడియుండును. పాత లక్స్‌లో అనగా దాని మొదటి రూపమున, ఇట్టి స్లాట్లు ఎనిమిది. ఎనమండుగురు తమతమ పాస్‌వర్డులతో వేర్వేరు స్లాట్లద్వారా వచ్చినను చేరునది ఒకే మాస్టర్ కీని. పాస్‌వర్డును మార్చుకొన్నప్పుడు డిస్కునంతటిని తిరిగి వ్రాయనక్కరలేకపోవుటకు కారణమిదియే.

ఆ పాత హెడరునందలి వివరణభాగము 592 బైట్లు మాత్రమే. మొదట ఎల్, యు, కె, ఎస్ అను నాలుగక్షరములును మరి రెండు బైట్లును గల గుర్తు. పిదప వర్షను సంఖ్య, సైఫరు పేరు, అసలు సమాచారము డిస్కుమీద ఎచ్చట మొదలగునో తెలుపు సంఖ్య, సాల్ట్ అని పిలువబడు యాదృచ్ఛికమైన బైట్లు. వీనితోపాటు, మాస్టర్ కీని చూపక, ఎవరైన ఒక కీని తెచ్చి చూపినప్పుడు అది నిజమైనదా కాదా యని మాత్రము తేల్చు 20 బైట్ల డైజెస్టు. వీనివెంట కీ స్లాట్లు. ఆపరేటింగు సిస్టమును స్థాపించుచు పొరపాటున వేరొక డిస్కు నెన్నుకొనుట, దాని మొదట క్రొత్త పార్టిషను పట్టికను వ్రాయుట, ఒక సెక్టారు చెడిపోవుట, ఇంతమాత్రముచేత ఈ చిన్న ముఖభాగము చెదరిన చాలును. దానివెనుకనున్న టెరాబైటు చెక్కుచెదరకున్నను మూగబోవును.

ఇంత పెలుచదనము నిర్మాత అజాగ్రత్తవలన కలిగినదని తలపరాదు. మాస్టర్ కీ 64 బైట్లదైనచో అది స్లాటులో 64 బైట్లుగా ఉండదు. 4000 రెట్లు విస్తరింపబడి, 2,56,000 బైట్ల పర్యంతము వ్యాపించియుండును. ఆ విస్తారమున ఒక్క బిట్టు మారినను ఆ స్లాటునుండి కీ తిరిగిరాదు. ఇది బుద్ధిపూర్వకముగా చేసిన ఏర్పాటు. డిస్కుమీద చెరిపిన వ్రాత నిశ్శేషముగా చెరిగిపోదని పీటర్ గుట్‌మన్ 1996లో ప్రకటించిన పరిశోధన హెచ్చరించియుండెను. అదిగాక డిస్కు తనంతట తానే చెడిన సెక్టారును ప్రక్కకు నెట్టి, పాత ప్రతిని మనకందని మూలలో మిగిల్చుకొనును. చిన్న వస్తువు అట్టి మూలలో సంపూర్ణముగా దాగగలదు. మిక్కిలి విస్తరించి, అన్ని భాగములును కూడినప్పుడే అర్థమిచ్చు వస్తువు దాగజాలదు, ఏలయన దానిలో ఏ కొంచెము చెరిగినను మొత్తము చెరిగినట్లే. అనగా డిస్కునకు నిజముగా మరచిపోగల శక్తిని ప్రసాదించుటకై దానిని ఇంత సుకుమారముగా నిర్మించిరి. మరచుటకు సమర్థమైనది మరపునకు గురియగుటకును సిద్ధముగానుండవలసినదే గదా.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. న్యాయవైశేషికులు అభావమును నాలుగు విధములుగా చెప్పిరి. 17వ శతాబ్దమునాటి తెలుగువాడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము నేటికిని తర్కము నేర్చువారు మొదట చేపట్టు గ్రంథము; అందును ఈ విభాగము కలదు. వస్తువు పుట్టుటకు ముందున్న లేమి ప్రాగభావము. నశించిన పిదప కలుగునది ప్రధ్వంసాభావము. మూడు కాలములందును లేకుండుట అత్యంతాభావము. ఒకటి మరియొకటి కాకుండుట అన్యోన్యాభావము. వీనిలో మనకు కావలసినది రెండవది. దాని లక్షణమున ఒక విశేషమున్నది: ప్రధ్వంసాభావమునకు ఆది కలదు గాని అంతము లేదు. కుండ పగిలిన క్షణమున దాని లేమి మొదలైనది. ఆ పెంకులను నూరి, తడిపి, మరల సారెమీదికెక్కించి కుండ చేసినను అది వేరొక కుండయే. మొదటి కుండయొక్క లేమి ఎన్నటికిని ముగియదు.

హెడరు చెడిన డిస్కు యజమాని తన వ్రాతలన్నియు ధ్వంసమైనవని దుఃఖించుచున్నాడనుకొందము. కొన్ని నెలల తరువాత బీరువాలోని ఒక పెన్‌డ్రైవులో హెడరు బ్యాకప్పు దొరకినది. దానిని డిస్కుమీద తిరిగి వ్రాసి పాస్‌వర్డు ఇచ్చినంతనే ప్రతి ఉత్తరమును, ప్రతి ఛాయాచిత్రమును, ఒక్క బైటైనను మారక కనబడినది. అంతమొందిన అభావము ప్రధ్వంసాభావము కానేరదు. కాబట్టి ఆ నెలలన్నియు అతని వ్రాతలు ధ్వంసమైయుండలేదు. బ్యాకప్పు దొరకకున్నచో అవి ధ్వంసమైనట్లే కదా యని అడుగవచ్చును. కాని ఈ రెండు సందర్భములలోను డిస్కుమీది బైట్లు ఒక్కటే. బీరువాలో పెన్‌డ్రైవు ఉండుట, లేకుండుట అనునవి డిస్కుమీది వ్రాతల సత్తను ఎట్లు నిర్ణయింపగలవు?

అట్లయిన నశించినది మాస్టర్ కీ యని తోచును. సూక్ష్మముగా చూచిన ఇదియు నిలువదు. కీ ఒక సంఖ్య. 256 బిట్ల కీకి సాధ్యములైన రూపములను లెక్కించినచో ఆ లెక్క 78 అంకెల సంఖ్య యగును. మన కీ ఆ రాశిలో ఒకటి. సంఖ్యలు డిస్కుమీద పుట్టవు, డిస్కుతో చావవు. ఆ అపారమైన రాశిలో ఇదియే నీది యని వేరుపరచి చూపు వ్యావర్తకచిహ్నము ఒక్కటి హెడరునందుండెను, పోయినది అది. వ్రాత ఉన్నది, కీ సంఖ్యలలో ఉన్నది, వాని రెండింటికిని గల సంబంధము సత్యముగనే ఉన్నది. ఆ సంబంధమును మనకు తెలుపు సూచిక మాత్రము లేదు. దుఃఖించువానికి ఈ భేదము నిష్ప్రయోజనమని కొందరందురు. దీనిపైననే మరమ్మతు యావత్తును ఆధారపడియున్నదని ముందు చూపెదను.

ఇక్కడ ఒక బలవంతుడైన ప్రతివాది లేచును. 7వ శతాబ్దపు బౌద్ధాచార్యుడు ధర్మకీర్తి, కార్యమును సాధింపగల సామర్థ్యముగలదే పరమార్థముగా సత్తని నిర్ణయించెను. ఆ దృష్టితో చూచిన, ఎవ్వరికిని కనబడజాలని ఛాయాచిత్రము ఛాయాచిత్రము చేయవలసిన పని ఏదియు చేయదు. కావున అచ్చట ఛాయాచిత్రము లేదు, అర్థరహితమైన బైట్లు మాత్రమున్నవి. వైశేషికుడు ఇందులకొప్పుకొనడు. ఆ దర్శనాచార్యుడైన ప్రశస్తపాదుడు అస్తిత్వము, జ్ఞేయత్వము, అభిధేయత్వము అను మూడును ఆరు పదార్థములకును సమానధర్మములని చెప్పెను; అనగా ఉన్నదెల్లను తెలియదగినదే, నీకు నాకు నేడు తెలియకపోవుట దాని సత్తకు లోపము కాదు.

ఈ వివాదమును గూఢలేఖనశాస్త్రము విచిత్రముగా తీర్చగలదు. క్లాడ్ షానన్ 1949లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము, సందేశమంత పొడవైన యాదృచ్ఛికమైన కీని ఒక్కమారు మాత్రము వాడి గూఢపరచినచో, ఆ గూఢలిపికి ఆ పొడవుగల సందేశములన్నియు సమానముగా పొసగును. తగిన కీని ఊహించిన అది శుభలేఖగాను చదువబడును, మరణవార్తగాను చదువబడును. అట్టి చోట, కీ పోయిన పిదప, ఈ సందేశమే ఇందున్నదని చెప్పుటకు గూఢలిపియందు ఏ ఆధారమును లేదు. ధర్మకీర్తి పక్షము అచ్చట గెలుచును. డిస్కు సంగతి అది కాదు. కీ కొలది బైట్లు, వ్రాత కోట్లకొలది బైట్లు. ఈ వ్రాతను సార్థకముగా విప్పునది ఆ 78 అంకెల రాశియందు ఒక్క కీయే యని చెప్పవచ్చును. తక్కినవన్నియు రణగొణమును మాత్రమిచ్చును. అనగా గూఢమైన వ్రాత తన అర్థమును తానే నిర్ణయించుకొనియున్నది. మనము చదివినను చదువకున్నను అది ఇంకొక అర్థమును దాల్చజాలదు. సర్వజ్ఞుడైన ఈశ్వరునొప్పుకొను నైయాయికునకు ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతము దొరకదు: పూర్ణముగా నిశ్చితమై, మనకు పూర్ణముగా అందనిది. ఈ విషయమున నా తీర్పు నైయాయికునిదే.

వేదాంతము చదివినవారికి ఇచ్చట ఒక సులభమైన పోలిక స్ఫురించును: డిస్కులోని సమాచారము ఆత్మవంటిది, హెడరు లోపము ఆవరణము, మరమ్మతు జ్ఞానము అని. ఈ పోలికను నేను స్వీకరింపను. అద్వైతమున ఆత్మ స్వయంప్రకాశము. దానిని వెలిగించుటకు వేరొక ప్రమాణమక్కరలేదు, ఆవరణము తొలగిన చాలును. డిస్కుమీది వ్రాత జడము. దానిమీద ముసుగేదియు లేదు. అది తన్ను తాను ఎన్నడును ప్రకాశింపజేసికొనలేదు. దానికి ఎల్లప్పుడును బయటినుండి ఒక ప్రమాణము కావలెను. ఆత్మవిషయమున చెప్పిన ఆశ్వాసవాక్యమును డిస్కునకు అన్వయించుకొని, ఉన్నది గనుక ఎట్లైనను దొరకునని ధైర్యముగానుండుట శాస్త్రమునకును అపచారము, డిస్కునకును ప్రమాదము.

ప్రమాణములయొద్దకు వచ్చితిమి గనుక మరమ్మతు చేయు తీరును చూతము. కమాండు లైనువద్ద నిలిచిన మనుష్యునకు లభ్యమైన ఉపాయములన్నియు, పరిశీలించినకొలది, మన వారు చెప్పిన ప్రత్యక్షానుమానశబ్దములలో చేరిపోవుచున్నవి.

మొదటిది ప్రత్యక్షము. హెడరు చెడినను యంత్రము ఇంకను నడచుచు, డిస్కు అదివరకే తెరువబడియున్నచో, మాస్టర్ కీ ఆ క్షణమున కెర్నెలు జ్ఞాపకమున సజీవముగానున్నది. అట్టివేళ యంత్రమును ఆపుటకన్న పెద్ద దోషము లేదు. పాత లక్స్‌తో తెరచిన డిస్కు విషయమున డీఎంసెటప్ అను సాధనమును, పట్టికను కీలతో చూపుమని అడిగినచో, ఆ కీ తెరపైననే ప్రత్యక్షమగును. లక్స్ రెండవ రూపమున కీ కెర్నెలుయొక్క స్వకీయమైన కీ రింగులో దాగియుండుటచే సాధారణముగా అట్లు కనబడదు. అయినను డిస్కు తెరచియున్నంతసేపు ఫైళ్లు కనబడుచునే యుండును గనుక వానిని వెంటనే వేరొక డిస్కునకు చేర్చుకొనవలెను. ప్రత్యక్షమున్నంతవరకు తక్కిన ప్రమాణములతో పనిలేదు. అది క్షణభంగురమను ఒక్కటే దాని లోపము.

రెండవది అనుమానము. అనుమానమునకు ప్రాణము వ్యాప్తి. ఎచ్చట నియతమైన సాహచర్యము కలదో అచ్చటనే తెలిసినదానినుండి తెలియనిదానిని సాధింపవచ్చును. హెడరులోని గుర్తు అన్ని డిస్కులకును ఒక్కటే. చెదరినచో హెక్స్ ఎడిటరుతో మరల వ్రాయవచ్చును. సైఫరు పేరు, సమాచారము మొదలగు స్థానము మున్నగునవి ఆ కాలపు వాడుకనుబట్టి ఊహింపదగినవి. క్రిప్ట్‌సెటప్ సాధనములోని రిపేర్ అను ఆదేశము స్లాట్ల వివరణలో చెదరిన కొన్ని విలువలను ఇట్టి నియమములనుబట్టియే సరిచేయును. 2017 డిసెంబరులో వెలువడిన క్రిప్ట్‌సెటప్ 2.0తో వచ్చిన లక్స్ రెండవ రూపమున వివరణభాగమునకు రెండు ప్రతులుండును. రెండవ ప్రతి గుర్తులో ఆ నాలుగక్షరములు తలక్రిందుగా, ఎస్, కె, యు, ఎల్ అని వ్రాయబడియుండును. ఒక ప్రతి చెడినచో రెండవదాని సహాయమున మొదటిది సరియగును. కాని కీ స్లాట్లకును సాల్టులకును అనుమానము ప్రవేశింపలేదు. అవి యాదృచ్ఛికములు, యాదృచ్ఛికమునకు వ్యాప్తి లేదు, వ్యాప్తి లేనిచోట హేతువు లేదు. రెండవ రూపమునందును స్లాట్లలోని గూఢసామగ్రికి రెండవ ప్రతి లేదు.

అనుమానము ఎంత దూరము పోగలదో, ఎచ్చట నిలిచిపోవునో తెలిసికొనుటకు శాసనముల చరిత్రను తలచుకొనవలెను. 14వ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లకు అశోకుని స్తంభములను ఢిల్లీకి తరలించినప్పుడు వానిమీది అక్షరములను చదువగలవారు దొరకలేదు. ఎండలో అందరికి కనబడుచు, ఎవ్వరికిని అర్థముకాక ఆ వ్రాతలు నిలిచియుండెను. 1837లో జేమ్స్ ప్రిన్సెప్, సాంచీ స్తూపపు ప్రాకారముమీది చిన్నచిన్న వ్రాతలన్నియు ఒకే రెండక్షరములతో ముగియుటను గమనించి, అవి భక్తుల దానములను తెలుపునవనియు, ఆ అక్షరములు దానమను పదమనియు ఊహించెను. ఆ ఊహనుండి లిపియంతయు విచ్చుకొనెను. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీది అశోకశాసనములను నేడు మనము చదువగలుగుట ఆ ఊహాఫలమే. పునరావృత్తి అతనికి వ్యాప్తినిచ్చినది. డిస్కు గూఢలేఖనము సరిగా ఈ పునరావృత్తినే తుడిచివేయును. ఒకే వాక్యము రెండు సెక్టార్లలో ఉన్నను సెక్టారు సంఖ్య గణనలో చేరుటచేత రెండుచోట్లను వేర్వేరుగా కనిపించును. కాలము మరుగుపరచిన లిపికి ప్రిన్సెప్ పుట్టవచ్చును. యత్నపూర్వకముగా వ్యాప్తిని తొలగించిన లిపికి ఎంతటి ప్రిన్సెపైనను చేయగలిగినది లేదు.

కాబట్టి మూడవదైన శబ్దము మిగిలినది. స్వయముగా చూచుటకు వీలులేనిదానిని, ఊహించుటకు వీలులేనిదానిని, చూచినవాని మాటవలననే తెలియవలెను. హెడరు బ్యాకప్పు అట్టి ఆప్తవాక్యము: హెడరు క్షేమముగానున్ననాడు దానిని ఉన్నదున్నట్లు వ్రాసికొని, నేడు మారుమాట లేక చెప్పుచున్నది. ఆప్తునియందు రెండు గుణములుండవలెనందురు, యథార్థము తెలిసియుండుట, తెలిసినదానిని తెలిసినట్లే చెప్పుట. బ్యాకప్పు పరీక్షయు ఈ రెండింటిలోనే ఉన్నది. అది ఈ డిస్కుదేనా? స్లాట్లను మార్చిన తరువాత తీసినదా, ముందా? ఈ విమర్శ లేక తిరిగి వ్రాసినచో, ఇంకను జీవించియున్న స్లాట్లను పాతవి కప్పివేయును. అందుచేతనే క్రిప్ట్‌సెటప్ సాధనము పనికి పూనుకొనుటకు ముందు అవునను మాటను ఇంగ్లీషు పెద్ద అక్షరములలో టైపు చేయించుకొనును. మరమ్మతుకు ముందు, చెడిన హెడరునైనను ఉన్నదున్నట్లుగా వేరొకచోటికి నకలు తీసికొనవలెనను నియమము కూడ ఈ ప్రమాణభక్తియే. చెడిన సాక్షి సాక్ష్యమును కూడ వినకమునుపు చెరిపివేయరాదు.

ఈ ఆప్తవాక్యమునకు ఒక భయంకరమైన ముఖము కలదు. ఒక పాస్‌వర్డు ఇతరులకు తెలిసిపోయినదని మార్చుకొంటిమనుకొందము. మాస్టర్ కీ మారలేదు. పాత హెడరు నకలును పాత పాస్‌వర్డును కలిగినవాడు నేటికిని లోనికి రాగలడు. రక్షించు నకలే మనలను మరువనీయదు. యోగశాస్త్రమున క్లేశములు వేయించిన విత్తనములవలె కావలెనని చెప్పుదురు. రూపముండును, మొలకెత్తు శక్తి యుండదు. లక్స్‌లో స్లాట్లనన్నింటిని చెరుపు ఆదేశమొకటి కలదు. అది నడచిన పిదప డిస్కుమీది వ్రాతలన్నియు యథాస్థానమున ఉండియు ఎన్నడును అంకురింపవు. కాని ఒక్క నకలు ఎచ్చటనైనను మిగిలినచో ఆ విత్తనము వేగలేదన్నమాట. నకలును దాచువాడు దానిని ఎవనికై దాచుచున్నాడో, ఎన్నాళ్లు దాచునో, ఎన్నడు దహించునో ముందుగనే నిశ్చయించుకొనుట ధర్మమని నేను భావింతును. రక్షింపగోరువానికిని త్యజింపగోరువానికిని ఈ నిశ్చయము సమానముగా అవసరము.

మిగిలినది ఒక్క సందర్భము. అది నన్ను తక్కినవాటికన్న ఎక్కువ కలతపెట్టును. హెడరు క్షేమము, స్లాట్లు క్షేమము, పాస్‌వర్డు తెలిసినవాడు మాత్రము మరణించినాడు. సంస్కారము ఉన్నను దానిని మేల్కొలుపు ఉద్బోధకము లేనిచో స్మృతి కలుగదని నైయాయికులు చెప్పుదురు. ఇచ్చట సంస్కారమంతయు ఉన్నది, ఉద్బోధకము చితిలో పోయినది. బంధువులు దీనిని హెడరు నాశముతో సమానమైన విపత్తుగా తలంతురు, కొందరు నిరాశచే డిస్కును పారవేయుదురు. రెండింటికిని చాల భేదమున్నది. మాస్టర్ కీ, సాల్టులు యాదృచ్ఛికములు. పాస్‌వర్డు అట్లు కాదు, మనుష్యుడెన్నుకొన్నది. అతని ఊరు, అతని ఇలవేల్పు, పిల్లల ముద్దుపేర్లు, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములలో అతడు వ్రాయు తీరు, అంకెలను చేర్చు అలవాటు, వీనికన్నింటికిని సాహచర్యమున్నది. వ్యాప్తి ఉన్నది గనుక అనుమానమునకు మరల తావు దొరకినది. ఒక్కొక్క ఊహను పరీక్షించుటకు యంత్రమునకు రెండేసి సెకన్లు పట్టినను, దినమునకు 43,200 ఊహలను పరీక్షింపవచ్చును. అతనిని ఎరిగినవారి ఊహలు గ్రుడ్డి ఊహలకన్న వేయిరెట్లు ఫలవంతములు. కాని ఆ ఊహలలో సరియైనది దొరకిన క్షణమున దానితో కలిపి గణించుటకు హెడరులోని సాల్టు ఉండవలెను, విప్పుటకు స్లాటు ఉండవలెను; అవి లేనిచో అతని పాస్‌వర్డు అక్షరము తప్పక తెలిసినను వృథా. అందుచేత అట్టి ఇంటివారు మొట్టమొదట చేయవలసినది పాస్‌వర్డును వెదకుట కాదు. ఆ డిస్కు హెడరునకు నేడే ఒక నకలు తీసి, దానిని వేరొకచోట భద్రపరచి, అతడు దానిని తెరువనిచ్చియుండునా యని తమలో తాము విచారించుకొని, ఆ పిమ్మట అతని మాటలను ఒక్కొక్కటిగా జ్ఞాపకము చేసికొని వ్రాయుట మొదలుపెట్టవలెను.